ఓల్డ్ గోవా చర్చీలు, గుట్ట మీద మఠం శిథిలాలు: టూర్ బస్సులో మాత్రం వెళ్ళకండి

ముందే చెప్పేస్తా, ఈ చోటుకి మేము వరసగా రెండు రోజులు వెళ్ళాం. మొదటి రోజు టూర్ బస్సులో, రెండో రోజు పణజి బస్టాండ్‌లో మామూలు లోకల్ బస్సెక్కి. మొదటి రోజు అనుభవానికి అయిదుకి ఒకటిన్నర ఇస్తా, రెండో రోజుకి నాలుగున్నర. చోటు అదే, చర్చి అదే, తేడా అంతా టైముదే.

టూర్ వాళ్ళ పేరు రాయను, గోవాలో తిరిగే బస్సు టూర్లన్నీ ఇంచుమించు ఇలాగే ఉంటాయని తర్వాత హోటల్లో వాళ్ళు కూడా చెప్పారు. పొద్దున్న ఎక్కించుకుని ఒకే రోజులో గుడి, బీచ్, మసాలా తోట, చర్చి అన్నీ చుట్టేస్తారు. ఓల్డ్ గోవా దగ్గర దింపి, గైడ్ మైకులో "నాలుగు వందల యాభై ఏళ్ళ డెడ్ బాడీ" అని రెండుసార్లు గట్టిగా అని, నలభై నిమిషాల్లో అందరూ బస్సు దగ్గర ఉండాలన్నాడు. అందులో పావుగంట లైన్లో పోయింది. మా నాన్న అలవాటు కొద్దీ మెట్ల దగ్గర చెప్పులు విప్పేసి లోపలికి వచ్చాడు, ఇక్కడ విప్పక్కర్లేదని తెలిశాక మళ్ళీ వెనక్కి వెళ్ళి వెతుక్కునేసరికి ఇంకో అయిదు నిమిషాలు. మిగిలిన టైములో జనం తలల మీదుగా ఏదో వెండి పెట్టె కనిపించింది, అంతే, బస్సు హారన్ కొట్టేశాడు.

ఎక్కాక నాన్న అన్న మాట: "ఏరా, గోడ ఎందుకు అలా వదిలేశారు? పూత ఏమైంది?" నాన్న ముప్ఫై ఏళ్ళు బిల్డింగు కాంట్రాక్టు పనులు చేసిన మనిషి. లోపల బంగారం, వెండి అంతా వదిలేసి ఆయన కళ్ళు గోడ మీద పడ్డాయి. గైడ్‌ని అడిగితే "ఓల్డ్ కదా సార్" అన్నాడు. ఆ జవాబుకి నాన్నకి రాత్రి నిద్ర పట్టలేదు, మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్దామని ఆయనే లేపాడు. బీచ్ ప్లాన్ పోయిందని మా ఆవిడ కాసేపు ముఖం మాడ్చుకుంది గానీ సాయంత్రానికి ఆవిడ కూడా మంచి పనే చేశామంది.

ఓల్డ్ గోవా పణజికి పది కిలోమీటర్లు, మాండవి నది ఒడ్డున. 1510లో అఫోన్సో డి అల్బుకెర్క్ బీజాపూర్ సుల్తాను దగ్గర నుంచి గోవాని గెలుచుకున్నాక పోర్చుగీసు వాళ్ళ తూర్పు సామ్రాజ్యం అంతటికీ ఇదే రాజధాని. తర్వాత మలేరియా, కలరా లాంటి జబ్బులు మళ్ళీ మళ్ళీ వచ్చి జనం ఖాళీ చేసి వెళ్ళిపోయారు, 1843లో రాజధాని కూడా అధికారికంగా పణజికి మారిపోయింది. ఇప్పుడు అక్కడికి వెళ్తే హంపీకి వెళ్ళినట్టే ఉంటుంది, నగరం లేదు, నగరంలోని గుళ్ళు మాత్రం మిగిలాయి. హంపీని యుద్ధం పాడు చేస్తే దీన్ని దోమలు, చెడ్డ నీళ్ళు పాడు చేశాయి. 1986లో ఇక్కడి చర్చీలని, మఠాలని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు.

బస్సు దిగగానే రోడ్డుకి ఒక పక్క ఎర్రగా బామ్ జీసస్ బసిలికా, ఇంకో పక్క పచ్చిక మైదానం దాటాక తెల్లగా సే కెథెడ్రల్. రోడ్డు మధ్యలో నిలబడి (బండ్లు చూసుకోండి) అటూ ఇటూ తల తిప్పి చూడండి, నాన్న ప్రశ్నకి సగం జవాబు అక్కడే దొరుకుతుంది. రెండూ కట్టింది ఒకే రకం రాయితో, లాటరైట్ అనే ఎర్రరాయి. తవ్వి తీసేటప్పుడు మెత్తగా ఉంటుంది, కత్తితో కోసినట్టు కోయొచ్చు, గాలి తగిలాక గట్టిపడుతుంది. కానీ ఒళ్ళంతా చిల్లులే. సే కెథెడ్రల్‌కి సున్నం పూత ఉంది, అందుకే తెలుపు. బామ్ జీసస్‌కి కూడా ఉండేది. 1950లలో బాల్తజార్ కాస్ట్రో అనే పోర్చుగీసు ఆర్కిటెక్టు ఆధ్వర్యంలో ఆ పూత మొత్తం గీకేశారు, పాతకాలపు కట్టడంలా కనిపించాలని. అంటే ఇవాళ మనం ఫోటోలు తీసుకుని మురిసిపోయే ఆ ఎర్ర రంగు అసలు కట్టినవాళ్ళు చూపించాలనుకున్న రంగే కాదు. గోవాలో ఏడాదికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. నాన్న గోడ పక్కకి వెళ్ళి వేలితో రాస్తే ఎర్ర పొడి వేలికి అంటుకుంది. "వానాకాలం గొడుగు లాక్కుని నిలబెట్టినట్టుందిరా" అన్నాడు. మళ్ళీ పూత వేయాలని చర్చి వైపు నుంచి అడుగుతున్నవాళ్ళు ఉన్నారు, ఉన్నది ఉన్నట్టు ఉంచాలనేవాళ్ళూ ఉన్నారు. మా నాన్న ఓటు ఎటో చెప్పక్కర్లేదు.

ముందు భాగం మాత్రం నిలబడి చూడాల్సిందే. మూడు అంతస్తులు, పైన త్రికోణం లాంటి భాగంలో ఐ.హెచ్.ఎస్. అని జెసూట్ సభ (కథోలిక సన్యాసుల సంఘం ఒకటి) గుర్తు. ఎర్రరాయి నున్నగా చెక్కడానికి లొంగదు కాబట్టి చెక్కడాలకి, స్తంభాలకి ముంబై దగ్గరి వసయి నుంచి నల్లరాయి తెప్పించారు. 1594లో మొదలుపెట్టి 1605లో ప్రతిష్ఠ చేశారు. పదకొండేళ్ళు! మా కాలనీలో అపార్ట్‌మెంట్ ఒకటి తొమ్మిదేళ్ళుగా స్లాబుల దగ్గరే ఉంది.

లోపలికి వెళ్తే మొదట కాస్త నిరాశ పడతారు, ఎందుకంటే మనకి పెద్ద చర్చి అనగానే మెదక్ కళ్ళ ముందు మెదులుతుంది, సూది కమానులు, రంగురంగుల అద్దాలు. ఇక్కడ అవేమీ లేవు. సుమారు 55 మీటర్ల పొడవైన ఒకే హాలు, సాదా గోడలు, చెక్క కప్పు. కావాలనే అలా చేశారనిపిస్తుంది. ఎందుకంటే నడుస్తూ నడుస్తూ కళ్ళెత్తితే ఆ చివర గోడంతా బంగారం. చెక్క మీద బంగారు రేకు అద్దిన బలిపీఠం నేల నుంచి కప్పు దాకా లేచి ఉంటుంది. తాడు పేనినట్టు మెలికలు తిరిగిన స్తంభాలు, తీగలు, దేవదూతలు, ఖాళీ అన్నది అంగుళం కూడా వదల్లేదు. బరోక్ శైలి అంటే ఏంటో పుస్తకంలో చదివితే అర్థం కాదు, ఇక్కడ రెండు నిమిషాలు నిలబడితే తెలుస్తుంది, చూసేవాడి నోరు తెరిపించడమే దాని పని. తమాషా ఏంటంటే చర్చి పేరు బాల యేసుది, ఆయన విగ్రహం కింద చిన్నగా ఉంటుంది, దాని మీద జెసూట్ సభ స్థాపించిన పునీత (అంటే సెయింట్) ఇగ్నేషియస్ లొయోలా విగ్రహం నిలువెత్తు కంటే పెద్దది. మా ఆవిడ అడిగింది, "యజమాని కింద, మేనేజరు పైనా?" అని. పక్కన జపమాల తిప్పుకుంటున్న ఒక పెద్దావిడ తిరిగి చూసింది, తెలుగు వచ్చేమోనని భయపడ్డాం.

ఇక అందరూ వచ్చేది ఇక్కడ దాచి ఉంచిన పునీత ఫ్రాన్సిస్ జేవియర్ శరీరం కోసం. మన దగ్గర కథోలిక ఇళ్ళలో శౌరి, శౌరయ్య అని పేర్లు పెట్టుకుంటారే, ఆ శౌరి ఈయనే. 1552 డిసెంబరు 3న చైనా తీరంలోని ఒక దీవిలో చనిపోయాడు, శరీరాన్ని అక్కడ నుంచి మలక్కాకి, అక్కడ నుంచి 1554లో గోవాకి తెచ్చారు. ఈ చర్చిలోకి తెచ్చింది 1624లో. వెండి పేటిక గోవా కంసాలుల పని, 1636-37 నాటిది, చుట్టూ ఆయన జీవితంలోని ఘట్టాలు. దాని కింద ఉన్న రంగు రంగుల పాలరాతి కట్టడం మాత్రం ఇటలీ నుంచి వచ్చింది. టస్కనీని పాలించిన మూడో కోసిమో డి మెడిచి చేయించి పంపాడు, శిల్పి ఫోగ్గిని పదేళ్ళు పని చేశాడు, 1698లో ఇక్కడ అమర్చారు. జేవియర్ కుడి చెయ్యి మాత్రం రోములో ఉంది. దర్శనానికి వచ్చిన ఒకావిడ భక్తి ఆపుకోలేక కాలి వేలు కొరుక్కుపోయిందని ఒక కథ కూడా చెబుతారు, అది మాత్రం మా టూర్ గైడ్ తప్పకుండా చెప్పాడు.

ఒక మాట నిజాయితీగా చెప్పాలి, శరీరం చూద్దామని వెళ్తే నిరాశే. పేటిక చాలా ఎత్తులో ఉంటుంది, కింద నుంచి వెండి మెరుపు తప్ప పెద్దగా ఏమీ కనపడదు. మనకి పన్నెండేళ్ళకి పుష్కరాలు వచ్చినట్టు ఇక్కడ పదేళ్ళకోసారి పేటిక కిందికి దించి రోడ్డు దాటించి సే కెథెడ్రల్‌లో దర్శనానికి పెడతారు. పోయినసారి 2024 నవంబరు 21 నుంచి 2025 జనవరి 5 దాకా జరిగింది. పదేళ్ళ లెక్కన మళ్ళీ 2034లోనే. ఈలోగా వెళ్ళేవాళ్ళు ఎత్తు మీద పెట్టుకున్న ఆశ తగ్గించుకుని కింద పాలరాతి కట్టడానికి ఉన్న కంచు పలకలు చూడండి, అవి కంటి ఎదురుగానే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు.

చిరాకులు కూడా రాయాలి కదా. లోపల మాట్లాడొద్దని బోర్డులు ఉన్నాయి, టూర్ బస్సులు దిగాక మాట్లాడనివాళ్ళు ఎవరూ ఉండరు. బలిపీఠానికి వీపు పెట్టి ఫోటోకి నిలబడుతుంటే కాపలా మనిషి పాపం రోజంతా ఒకటే మాట చెబుతున్నాడు. పొట్టి నిక్కర్లు, చేతులు లేని బట్టలతో వెళ్తే ఆపుతారు, బీచ్ నుంచి నేరుగా వచ్చేవాళ్ళు ఒక కండువా పెట్టుకోండి. ఆదివారం పొద్దున పూజలు ఉంటాయి, అప్పుడు తిరిగి చూద్దామంటే కుదరదు, మర్యాద కూడా కాదు. బయట మైనంతో చేసిన కాళ్ళు, చేతులు, పిల్లల బొమ్మలు అమ్ముతారు. నాన్నకి ఎవరూ చెప్పకుండానే అర్థమైంది, "మన వెండి కళ్ళ మొక్కులాంటిదే" అని ఒక మోకాలు కొన్నాడు. తన మోకాళ్ళ కోసమట. ప్రవేశానికి డబ్బులేమీ లేవు.

సే కెథెడ్రల్ గురించి ఎక్కువ రాయను. 1562లో మొదలైంది, చాలా పెద్దది, రెండు గోపురాల్లో ఒకటి 1776లో కూలిపోయింది కాబట్టి ముందు నుంచి చూస్తే ఒక కొమ్ము విరిగిన ఎద్దులా ఉంటుంది. మిగిలిన గోపురంలో బంగారు గంట అని పేరున్న పెద్ద గంట ఉంది. లోపల మాకు బామ్ జీసస్‌లా మనసుకి తగల్లేదు. పక్కనే మ్యూజియం ఉంది, మేము వెళ్ళింది శుక్రవారం, దానికి శుక్రవారమే సెలవు. మీరు వేరే రోజు వెళ్ళండి.

ఇప్పుడు అసలు విషయం. బామ్ జీసస్ ముందు నుంచి పడమటి వైపు రోడ్డు పట్టుకుని కాస్త ఎగువకి నడిస్తే హోలీ హిల్ అనే గుట్ట వస్తుంది. పది నిమిషాల నడక, నాన్నకి పావుగంట పట్టింది. ఆ దారిలో నడుస్తుంటే చెట్ల మీదుగా ఒక ఎర్రటి స్తంభం లాంటిది కనిపిస్తుంది, సగం చీల్చిన చెరుకు గడలా. అదే పునీత అగస్టీన్ చర్చి గంట గోపురం, 46 మీటర్ల ఎత్తు. ఇలాంటివి ఒకప్పుడు నాలుగు ఉండేవి, ఒకటి, అదీ సగమే, మిగిలింది. టూర్ బస్సులు చాలావరకు ఇక్కడికి రావు. బామ్ జీసస్ దగ్గర ఊపిరాడని జనం, ఇక్కడ మేము ముగ్గురం, స్కెచ్ వేసుకుంటున్న ఒక కుర్రాడు, నాలుగు కుక్కలు. దీనికీ టికెట్ లేదు.

అగస్టీన్ సభ సన్యాసులు గోవాకి వచ్చింది 1572లో. ఈ చర్చి 1602 కల్లా పూర్తయింది, దయామాత పేరు మీద, పక్కనే వాళ్ళ మఠం. అంటే కింద బామ్ జీసస్ గోడలు లేస్తున్న రోజుల్లోనే ఇక్కడ పైన వీళ్ళూ కట్టారన్నమాట. జెసూట్‌లకి, అగస్టీన్ వాళ్ళకి పోటీ ఉండేదేమో, ఎవరిది ఎత్తు అని. ఎత్తులో వీళ్ళదే పైచేయి. నిలబడడంలో కాదు. 1835లో పోర్చుగీసు ప్రభుత్వం సన్యాసి సభలన్నిటినీ గోవా నుంచి వెళ్ళగొట్టింది, చర్చి ఖాళీ అయింది. 1842లో పైకప్పు కూలింది. 1931లో ముఖభాగం, గోపురంలో సగం పడిపోయాయి, 1938లో ఇంకొంత పడింది. ఆ తేదీలు బోర్డు మీద చదివి నాన్న వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "ఏడేళ్ళు. మనుషులు లేకపోతే ఏడేళ్ళు చాలు. పెంకు జరుగుతుంది, జరిగిన పెంకు సర్దేవాడు ఉండడు, నీళ్ళు కమాను లోపలికి దిగుతాయి, సున్నం కరుగుతుంది, ఒక్క రాయి జారితే కమాను మొత్తం జారినట్టే." అచ్చంగా ఇలాగే జరిగిందో లేదో నాన్న చూడలేదు, కానీ ఆయన పని అనుభవంలో ఇలాంటివి చాలా చూశాడు.

చర్చి లోపలికి, అంటే ఒకప్పటి లోపలికి, నడిస్తే పైన ఆకాశం. రెండు పక్కలా చిన్న చిన్న ఉప గుడుల గదులు వరసగా ఉన్నాయి, చివర బలిపీఠం ఉండే చోట ఎత్తైన గోడ. నేలంతా సమాధి పలకలే, పోర్చుగీసు అక్షరాలు, వంశాల ముద్రలు, కొన్నిటి మీద పుర్రె, దాని కింద అడ్డంగా రెండు ఎముకలు. వాటి మీద కాలు పెట్టకుండా నడవడం కుదరదు, మా ఆవిడ మాత్రం తొక్కుడుబిళ్ళ ఆడినట్టు గెంతుతూ వెళ్ళింది. కొన్ని గోడల మీద పాత రంగు పలకల ముక్కలు ఇంకా అంటుకుని ఉన్నాయి. నీలం, పసుపు. ఆ ముక్కలు చూశాక కింద చర్చిలోని బంగారం గుర్తొచ్చింది, ఇది కూడా ఒకప్పుడు అలాగే నోరు తెరిపించి ఉంటుంది కదా అని.

నాకు ఈ చోటు ఎందుకంత నచ్చిందంటే, కింద బామ్ జీసస్‌లో బంగారం దాచిపెట్టినవన్నీ ఇక్కడ విప్పి చూపిస్తారు. గోడ ఎంత మందమో నడిచి కొలవొచ్చు. కమాను ఎక్కడ మొదలైందో, ఎక్కడ విరిగిందో కనిపిస్తుంది. నాన్న ఒక విరిగిన చోట ఆగి రాళ్ళ మధ్య తెల్లటి సున్నం గోకి చూసి, గానుగలో తిప్పిన సున్నం గురించి, అందులో తన మేస్త్రి బెల్లం, కరక్కాయ నీళ్ళు కలిపించిన సంగతి గురించి మొదలుపెట్టాడు. ఇక్కడ వీళ్ళు ఏం కలిపారో మాకు తెలీదు. కానీ ముప్ఫై ఏళ్ళు నాన్న చేసిన పనేంటో నాకు అంత వివరంగా ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. గంటన్నర అక్కడే గడిచింది.

చర్చి పక్క నుంచి వెళ్తే మఠం. ఇది చాలామంది చూడకుండానే వెనక్కి తిరుగుతారు, ఎందుకంటే పైకి మోకాలెత్తు గోడలే తప్ప ఏమీ కనపడవు. కొంచెం ఓపిక పడితే ఇంటి ప్లాను నేల మీద గీసినట్టు అర్థమవుతుంది, మధ్యలో నాలుగు పలకల పెరడు, దాని చుట్టూ తిరిగే వసారా, వసారా నుంచి గదుల్లోకి దారులు, భోజనశాల, సన్యాసులు సమావేశమయ్యే గది. మన మండువా లోగిలి తెలిసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, పెద్ద మండువా ఇల్లు అనుకోండి, ఉమ్మడి కుటుంబం బదులు సన్యాసులు. మా ఆవిడ భోజనశాల దగ్గర నిలబడి వంటిల్లు ఎటుందో వెతికింది, దొరకలేదు. ఇక్కడ బోర్డులు సరిగ్గా లేకపోవడం పెద్ద లోటు, ఉన్నవి కూడా ఎండకి వెలిసిపోయాయి, ఏ గది ఏదో చెప్పే ఒక మంచి మ్యాపు రాతి పలక మీద వేయించి పెడితే ఎంత ఖర్చవుతుంది?

ఆ సమావేశ గది దగ్గర ఆగండి, అక్కడ మనవాళ్ళ కథ ఒకటి ఉంది. జార్జియా దేశపు రాణి కేతెవాన్‌ని పర్షియా రాజు షా అబ్బాస్ ఏళ్ళ తరబడి బందీగా ఉంచాడు, మతం మారనందుకు 1624లో షీరాజ్‌లో చిత్రహింసలు పెట్టి చంపించాడు. అక్కడ ఉన్న అగస్టీన్ సన్యాసులు ఆమె అస్థికలు దాచి, వాటిలో కొన్నిటిని 1627లో గోవాకి, ఈ మఠానికి తెచ్చారు. కిటికీ పక్కన రాతి పెట్టెలో పెట్టారని పాత పోర్చుగీసు రాతల్లో ఉంది. తర్వాత మఠమే కూలిపోయింది, పెట్టె ఎక్కడో ఎవరికీ తెలీదు. పురావస్తు శాఖ వాళ్ళు ఏళ్ళ తరబడి తవ్వుతూ పోతే 2004లో ఒక చేతి ఎముక దొరికింది. అది రాణిదేనా కాదా అని తేల్చింది ఎవరనుకున్నారు, హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ! ఆ ఎముక డీఎన్‌ఏలో తల్లి వైపు నుంచి వచ్చే ఒక రకం గుర్తు కనిపించింది, దాన్ని మన దేశంలో 22 వేల మందికి పైగా నమూనాలతో పోల్చి చూస్తే ఒక్కరిలోనూ లేదు, జార్జియా వాళ్ళు ముప్ఫై మందిని చూస్తే ఇద్దరిలో ఉంది. 2021 జులైలో మన విదేశాంగ మంత్రి జైశంకర్ ఆ అవశేషాన్ని జార్జియాకి తీసుకెళ్ళి అప్పగించారు. ఉప్పల్ రోడ్డులో ఆ బోర్డు ముందు నుంచి నేను కొన్ని వందల సార్లు బండి మీద వెళ్ళి ఉంటాను, లోపల ఒక రాణి చేతి ఎముకని గుర్తు పడుతున్నారని ఎప్పుడూ అనుకోలేదు. ఈ కథ టూర్ గైడ్ చెప్పాలా వద్దా? కాలి వేలు కొరికిన కథ చెప్పడానికి టైము ఉంది కదా.

గుట్ట మీదే రోడ్డుకి అవతల పునీత మోనికా కన్యాస్త్రీల మఠం ఉంది, 1606లో మొదలుపెట్టి కట్టింది. ఇది శిథిలం కాలేదు, పెద్ద కోటలా నిలబడి ఉంది, గోడ ఒరిగిపోకుండా బయట నుంచి ఆనించి కట్టిన దిమ్మెలు ఒక్కొక్కటి ఒక గది అంత ఉన్నాయి. దాని ముందు కూడా నాన్న ఆగాడు. "చూశావా, దీనికి ఎవరో ఒకరు కాపురం ఉన్నారు" అన్నాడు. సన్యాసుల సభలు వెళ్ళిపోయినా కొత్తవాళ్ళని చేర్చుకోవద్దనే షరతుతో కన్యాస్త్రీలని ఉండనిచ్చారు, చివరి ఆవిడ 1885లో చనిపోయింది. ఇందులో క్రైస్తవ కళల మ్యూజియం ఉంది, మాకు అప్పటికే ఆకలి మండిపోతోంది, వదిలేశాం, వదిలేసినందుకు ఇప్పుడు బాధగా ఉంది.

వెళ్ళేవాళ్ళకి కొన్ని మాటలు. పొద్దున్నే వెళ్ళండి, పదిన్నర నుంచి టూర్ బస్సులు దిగడం మొదలవుతుంది. గుట్ట మీద నీడ తక్కువ, నీళ్ళ సీసా మస్ట్. టాయిలెట్ పని కిందే చూసుకుని ఎక్కండి. వానాకాలంలో ఆ ఎర్రరాయి మీద పాకుడు పడుతుంది, పెద్దవాళ్ళతో అయితే నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్యలో వెళ్ళడం మంచిది. గుట్ట ముందు ఎక్కాలా, చర్చి ముందు చూడాలా అంటే నేనైతే చర్చి ముందు అంటా, బంగారం కళ్ళలో ఉండగానే శిథిలం చూస్తేనే ఆ గదులు ఒకప్పుడు ఎలా ఉండేవో ఊహకి అందుతుంది. డిసెంబరు 3 శౌరివారి పండుగ, జనం అంటే మీకు సరదా అయితే అప్పుడు వెళ్ళండి, చర్చి చూడాలంటే మాత్రం వద్దు. తిండికి సెంటర్లో చిన్న హోటళ్ళు ఉన్నాయి, చేపల భోజనం, దాంతో పాటు గులాబీ రంగులో సోల్ కడి (కోకం, కొబ్బరిపాలతో చేసే పుల్లటి పానీయం) ఇస్తారు, మాకు నచ్చింది. నాన్న మాత్రం పప్పు లేని భోజనం భోజనమా అని పెరుగుతో సరిపెట్టుకున్నాడు.

సాయంత్రం పణజికి తిరిగి వచ్చాక ఊరి మధ్యలో మెట్ల వరసలతో తెల్లగా ఉండే చర్చి దగ్గర దిగాం, అమలోద్భవ మాత చర్చి, గోవా ఫోటో ఏది చూసినా అందులో ఇది ఉంటుంది. దిగింది మెట్ల కోసం కాదు. గుట్ట మీద సగం కూలిన ఆ గోపురంలో మోగిన గంట ఇప్పుడు ఇక్కడ ఉంది, మధ్యలో కొన్నాళ్ళు అగ్వాద కోట లైట్‌హౌస్‌లో ఉండి, 1871లో ఇక్కడికి చేరింది. నడి నెత్తిన, చర్చి ముఖం మీద, కింద రోడ్డు మీద నుంచే కనిపిస్తుంది. మా ఆవిడ మెట్ల మీద ఫోటోలు దిగుతోంది. నాన్న రోడ్డు అవతల నిలబడి చాలాసేపు పైకి చూశాడు. గంటని చూస్తున్నాడనుకున్నా.

"ఏటా సున్నం కొట్టిస్తారేమో, ఆ తెలుపు చూడు. లోపల ఎవరైనా ఉంటే అడుగు" అన్నాడు.

మోకాలు నొప్పి అంటూనే మెట్లెక్కడం మొదలుపెట్టాడు.